గంప మీద మూడో చెయ్యి

కుదురుగా కూర్చుంటే తప్ప పూర్తికాని చదువును, కుదురంటే ఏమిటో తెలియని నేను ఎందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఫెలోషిప్పు గడువు అయిపోయాక హాస్టలు గది ఖాళీ చేసి, ల్యాప్‌టాప్, రెండు బట్టల సంచులు, సగం రాసిన థీసిస్ పట్టుకుని మా ఊరు వచ్చేశాను. శ్రీకాకుళంలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఇంకో ఆటో పట్టుకుంటే వచ్చే సముద్రపు ఊరు మాది. ఇంటి ముందు గుమ్మంలోంచి రేవు కనిపిస్తుంది. ఫోనుకు సిగ్నలు మాత్రం వెనక గుమ్మంలోనే దొరుకుతుంది. రేవు చూడకుండా ఉండలేను, సిగ్నలు లేకుండా పని చెయ్యలేను. అందుకని రెండు గుమ్మాల మధ్య నడుస్తూనే ఆ చలికాలమంతా పరిశోధన చేశాను.

"కాలుగాలిన పిల్లిలాగ ఆ తిరుగుడేటే?" అనేది అమ్మ. "మీ సదువు కాళ్ళతో సదువుతారేటి?"

నా పరిశోధన జంటల మీద. నేనేమో ఒంటిదాన్ని. ఈ సంగతి ఎవరో ఒకరు ఎలాగూ ఎత్తి చూపిస్తారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. నేను లెక్కలు కట్టేది ఎక్స్‌రే జంట నక్షత్రాలకు. ఆ జంటలో ఒకటి మామూలు నక్షత్రం. రెండోది చచ్చిపోయిన నక్షత్రం మిగిల్చిన గట్టి ముద్ద. దాన్ని న్యూట్రాన్ నక్షత్రం అంటారు. సూర్యుడి కంటే ఎక్కువ బరువును, శ్రీకాకుళానికీ మా ఊరికీ ఉన్నంత అడ్డంలో కుక్కేస్తే ఎలా ఉంటుందో అలాంటిది. మండడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. అయితే పక్క నక్షత్రం మరీ దగ్గరైతే దాని ఒంట్లోని వాయువును లాక్కోవడం మొదలుపెడుతుంది. ఆ వాయువు తిన్నగా వచ్చి పడదు. సుడి తిరుగుతూ, ఒరుసుకుంటూ, కాగిపోతూ పడుతుంది. ఆ కాగుడులోంచి పుట్టే వెలుగే ఎక్స్‌రేలు. అది కంటికి కనబడదు. అంటే నేను ఏళ్ళ తరబడి వెతుకుతున్నది కంటికి కనబడని వెలుగును, అదీ కంప్యూటరు తయారుచేసిన నక్షత్రాల్లో. నేనేం పని చేస్తానో మా వీధికి అంతుపట్టలేదంటే తప్పు వీధిది కాదు.

పక్కింటి అత్తకు మాత్రం అంతుపట్టింది. మాకూ ఆమెకూ మధ్య చుట్టరికం లేదు, గోడ ఉంది. ఆ గోడ కూడా నడుం ఎత్తే. అమ్మ ఆమెను వదినా అంటుంది, ఆమె అమ్మను మరదలా అంటుంది, అందువల్ల నాకు అత్త. నేను వచ్చిన వారంలోనే గోడ మీదుగా ఒక పెద్ద కవరు అందించింది.

"ఇది సూడే అమ్మా. నీది ఎక్స్‌రే సదువంట కదా. మోకాలు అరిగిపోనాదన్నాడు ఆసుపత్రిలో. నిజమేటి?"

"అత్తా, నాది ఈ ఎక్స్‌రే కాదు. సుక్కలది."

"సుక్కలకి మోకాళ్ళుంటాయేటే!"

ఫిల్ము ఎండకేసి ఎత్తి పట్టుకుని, నుదురు ముడిచి, "అరిగింది" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె దృష్టిలో నా చదువు పనికొచ్చే చదువు. మా గైడుకు కూడా నా మీద అంత నమ్మకం ఉండేది కాదు.

అమ్మా, అత్తా ఒక జట్టు. నాకు ఊహ తెలిసేటప్పటికే జట్టు. మా రేవులో చేపలు పాటలో కొనాలి. పాట అంటే రాగం తియ్యడం కాదు, వేలం. అమ్మది పీల గొంతు. అయినా పాట బాగా పాడుతుందని పేరు, ఎందుకంటే ఆమె పాట కూడా అత్తే పాడేది. బోటు ఒడ్డుకు రాగానే చేపలను గంపల్లోకి ఎత్తి, గంపకు గంప పాడిస్తారు. ఒక గంపెడు చేప ఒక్క మనిషికి ఎక్కువ. తిరిగి అమ్మేలోపు మెత్తబడిపోతుంది. అందుకని ఆడవాళ్ళు ఇద్దరిద్దరు జట్టు కడతారు. పాట తమ మీద తెగగానే ఇద్దరూ గంప అంచు మీద చెయ్యి వెయ్యాలి. రెండు చేతులు పడితేనే పాట పాడించే ఆయన ఆ గంప వాళ్ళదని ఒప్పుకుంటాడు. ఒంటి చేతికి గంప ఇవ్వరు. ఆఖర్న ఇసకలో మిగిలిన చిల్లర చేపలు ఏరుకోవలసిందే. మూడో చెయ్యి పడితే, ఎవరో ఒకరు తీసేదాకా గంప కదలదు. తీసినవాళ్ళు మళ్ళీ ఆ జట్టులో చెయ్యి వెయ్యడానికి వేసవిలో వేట నిషేధం వచ్చి పోయి, రేవుకు కొత్త ఏడు మొదలవ్వాలి. ఇదంతా ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్ళు మాత్రం లేరు.

ఆ చలికాలమే అరసవల్లి నుంచి ఐసు ఆటో ఆవిడ రోజూ రావడం మొదలుపెట్టింది. ఆమె కూడా పుట్టింది మా రేవు పక్క ఊళ్ళోనే. ఇప్పుడు అరసవల్లిలో ఉంటూ టౌనులో అపార్టుమెంట్లకు చేపలు వేస్తుంది. ఆటో వెనక రెండు ఐసు పెట్టెలు. ఆమె జట్టు మనిషి కూతురి దగ్గరికి వెళ్ళిపోవడంతో ఆమెది ఒంటి చెయ్యి అయిపోయింది. వచ్చిన ప్రతిసారీ అమ్మకూ, అత్తకూ మధ్యనే నిలబడేది. మంచి మనిషి. మిగిలిన ఐసు ఊరికే ఇచ్చేది, టిఫిను పొట్లాలు తెచ్చేది. నేను మాత్రం ఆమె వచ్చిన ప్రతిసారీ ముందు గుమ్మంలో కాపలా నిలబడేదాన్ని. ఆమె మీద కోపమేమీ లేదు. ఆమె అచ్చంగా నా మూడో అధ్యాయం.

మూడో అధ్యాయం దేని గురించో చెప్పాలి. ఆకాశంలో కొన్ని చోట్ల లక్షల నక్షత్రాలు ఒకే ముద్దగా ఉంటాయి. గోళాకార తారాగుచ్ఛం అంటారు. పేరు పూలగుత్తిలా ఉంటుంది గానీ, నడిమధ్యకు పోతే సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులోకి పలాస బస్సు వచ్చినట్టే, ఒకటే తోపులాట. ఖాళీగా ఉండే ఆకాశంలో ఎక్స్‌రే జంట ఏర్పడటం కష్టం. న్యూట్రాన్ నక్షత్రం పుట్టేటప్పటి పేలుడుకు ఉన్న జంట కాస్తా విడిపోవచ్చు, అది తన్నిన బంతిలా ఎటో ఎగిరిపోవచ్చు. గుచ్ఛాల్లో కూడా చాలా వరకు అలాగే పోతాయి. కానీ పోకుండా మిగిలినవి బరువైనవి కాబట్టి మెల్లగా నడిమధ్యకు దిగిపోతాయి. అక్కడ ఇరుకు. ఇరుకులో పుట్టుకతో లేని జంట తరవాతైనా కుదురుతుంది. అందుకే ఈ జంటలు గుచ్ఛాల్లో ఉండవలసిన వంతు కంటే చాలా ఎక్కువగా కనిపిస్తాయి.

కుదిరే దారుల్లో ఒకటి మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేనిది. ఒంటి న్యూట్రాన్ నక్షత్రం ఇంకో ఒంటి నక్షత్రాన్ని రాసుకున్నంత దగ్గరగా దాటితే, చంద్రుడు సముద్రానికి చేసినట్టు, దాని ఒంట్లో పోటు లేపుతుంది. పోటు లేపడానికి ఊపు ఖర్చవుతుంది. ఊపు తగ్గాక దాటిపోవలసింది దాటిపోలేక అక్కడే చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. రెండో దారి ఇంకోలా ఉంటుంది. అప్పటికే ఉన్న ఒక జంట దగ్గరికి న్యూట్రాన్ నక్షత్రం వస్తుంది. కాసేపు మూడూ ఒకదాని చుట్టూ ఒకటి అడ్డదిడ్డంగా తిరుగుతాయి. మూడు అలా ఎక్కువకాలం నిలవవు. ఒకటి బయటికి విసిరేయబడుతుంది. ఆ పోయేది మూడింట్లోనూ తేలికైనది. కొత్తగా వచ్చినది దాని స్థానంలో ఉండిపోతుంది.

మా రేవులో తేలికైనది మా అమ్మ. అత్త తమ్ముడికి బోటులో వాటా ఉంది, అత్తకు గొంతు ఉంది. ఐసు ఆవిడకు ఆటో ఉంది. అమ్మకు నేనున్నాను, అంటే ఆ తేలికకు ఇంకొంచెం తేలిక కలిపినట్టు. జట్టు పోతే అమ్మకు గంప లేదు, ఇసకలో చిల్లర చేపలే.

మొదటి దారిలో ఏమైనా అవుతుందేమోనని రేవులో ఒంటి చేతులెవరివో వెతికాను. ఊరంతా నాకు జంట వెతుకుతుంటే నేను ఐసు ఆటోకు జంట వెతుకుతున్నాను. ఒక ముసలావిడ దొరికింది గానీ ఆమెకు ఐసు పడదట, ముట్టుకుంటే తుమ్ములట. ఆ పోటు లేవలేదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అమ్మకు చెప్పేశాను. ఆమె పెరట్లో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది.

"అమ్మా, ఆవిడ్ని మీ ఇద్దరి మధ్యన నిలబడనివ్వకు. ముగ్గురైతే తేలికైనోళ్ళు బయటికి పోతారు."

"ఎవులు సెప్పినారు?"

"నా లెక్కలో వస్తాది. లక్షసార్లు సూసినాను."

"లక్షసార్లు మా రేవు సూసినావేటి? ఇల్లు దాటి రావు కదే."

"రేవు కాదమ్మా, సుక్కల్లో."

గోడ అవతల అత్త తల లేచింది. "ఏటే గుంటా, మీయమ్మని ఆకాశంలోకి తోసేస్తన్నావా?"

"తోసేది నాను కాదత్తా, ఐసావిడ."

"మీయమ్మ తేలికా?" అత్త అమ్మను పైనుంచి కిందికి చూసింది. "నిజవే. గాలొస్తే ఎగిరిపోతాది. మరదలా, కొంగులో రాయి కట్టుకోవే." ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ వెనక గుమ్మానికి వెళ్ళాక నవ్వు నిలవలేదు. అత్త మాత్రం నవ్వు ఆపి, కాసేపు నా వంకే చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అదే వారం గైడు ఫోను చేశారు. విసిరేయబడిన నక్షత్రం ఎంత వేగంతో పోతోంది, గుచ్ఛం దాటుతోందా, అంచుకు పోయి మళ్ళీ లోపలికి పడుతోందా అని నేను అంతకుముందే పేజీలకు పేజీలు రాసి పంపాను. "మన అధ్యాయం జంట గురించి కదమ్మా," అన్నారాయన ఓపిగ్గా. "బయటికి పోయినదాని వెంట నువ్వెందుకు పడుతున్నావు? అది కొట్టెయ్యి." నేను కొట్టెయ్యలేదు. దాచి ఉంచుకున్నాను.

అమ్మకు జ్వరం వచ్చిన రోజు జరిగింది ఇది. తెల్లారి లేవలేకపోయింది. బోట్లు వచ్చేస్తున్నాయి. "నువ్వెల్లే," అంది దుప్పట్లోంచి. "నోరు వదిన సూసుకుంటాది. నువ్వు ఊరికే సెయ్యెయ్యి."

ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, నేను గంప మీద చెయ్యి వేసింది లేదు. చదువుకునే పిల్ల చేతికి నీచు వాసన అంటకూడదని అమ్మ పట్టుదల. అమ్మ చీర కొంగులా చున్నీ నడుముకు చుట్టుకుని రేవుకు వెళ్ళాను. నన్ను చూసి గుంపంతా ఒక్కసారి సర్దుకుంది.

"ఓలమ్మో, పెద్ద సదువు రేవుకొచ్చినాది!"

"సుక్కల్లో సేపలయిపోయినాయేటే?"

"ఒగ్గేయండే, నా కోడలు," అని అత్త నన్ను రెక్క పట్టి పక్కకు లాక్కుంది. అరిగిన మోకాలితో ఇసకలో కాలు నిలవక, నా భుజం మీదే బరువు వేసి నిలబడింది. చందువల గంప పాటకు వచ్చింది. నిగనిగలాడుతున్న మంచి సరుకు. అత్త గొంతెత్తింది. రెండు మూడు జట్లు పోటీకొచ్చి ఆగిపోయాయి. పాట అత్త మీద తెగింది. ఆమె చెయ్యి వేసింది. నేనూ వేశాను. అంతలో నా చేతి పక్కన ఇంకో చెయ్యి పడింది. చల్లగా ఉంది.

"మీయమ్మ నేదు కదే," అంది ఐసు ఆవిడ నెమ్మదిగా. "ఈ ఎండకి నువ్వెక్కడ తిరుగుతావు? చందువ బేగి పాడైపోతాది. నాను పెట్టిలో ఏసేస్తాను. మీయమ్మ వంతు మీయమ్మకే."

అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. పాట పాడించే ఆయన మా చేతుల వంక చూసి విసుక్కున్నాడు. "మూడున్నాయి. ఎవులో ఒకలు తియ్యండి. ఎనకాల బోట్లున్నాయి."

నేను తియ్యవలసింది. చేపల బేరం తెలియనిదాన్ని, ఒక్క రోజు కోసం వచ్చినదాన్ని. కానీ అది నా చెయ్యి కాదు, అమ్మ చెయ్యి. తీస్తే అమ్మ ఆ ఏడంతా బయటే. నా లెక్కల్లో లక్షసార్లు విసిరేయబడిన ఆ తేలిక నక్షత్రం కళ్ళ ముందు మెదిలింది. గంప అంచును గట్టిగా పట్టుకున్నాను. ఈనెలు వేళ్ళలోకి గుచ్చుకున్నాయి. ఐసు ఆవిడ కూడా తియ్యలేదు. అందరూ నా వంక చూస్తున్నారు. అత్త కూడా చూసింది.

"తొలీత సెయ్యేసిన ఆడపిల్ల," అంది అత్త, అందరికీ వినబడేలా. "ఉత్త సేతుల్తో ఇంటికంపుతామేటి?" తన చెయ్యి తీసేసింది.

గుంపులో ఆడవాళ్ళు తలలూపారు. మొదటిసారి రేవుకు వచ్చిన ఆడపిల్లను వట్టి చేతులతో పంపరు. అది కూడా మా రేవు పద్ధతే. నాకూ తెలిసిన పద్ధతే. ఆ క్షణంలో అమ్మ చెయ్యి మాత్రమే లెక్కపెట్టుకుని, అది తొలిసారి పడిన నా చెయ్యి కూడానన్న సంగతి మరిచిపోయాను.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ జ్వరంతోనే లేచి కూర్చుంది.

"వదిన తీసేసినాదా? నువ్వెందుకు తియ్యలేదే?"

"తీస్తే నువ్వు పోతావు కదమ్మా."

"పోతే పోదును! మోకాలరిగినావిడ గంపెత్తుకుని ఊళ్ళు తిరుగుతాదేటే?" అంది. "ఆ ఎక్స్‌రే సూసింది నువ్వే కదే!"

గబగబా గోడ దగ్గరికి వెళ్ళింది. రేపే తన చెయ్యి తీసేస్తానంది. అవతల అత్త అంట్లు తోముతూ తల కూడా ఎత్తలేదు. "తీసేసి ఏటి సేస్తావు? ఇద్దరం ఇసకలో కూకుని గవ్వలేరుకుందావా? వచ్చే ఏడు సూద్దాం. ఎల్లి పడుకో. జొరం నాకంటిస్తావు."

అలా అమ్మకు ఐసు ఆవిడతో జట్టు కుదిరింది. మా అమ్మ ఒడుపు ఐసు ఆటోలోకి ప్రవహించడం మొదలుపెట్టింది. పొలుసు తియ్యడం, ముక్క కొట్టడం, ఏ చేప ఎవరికి నచ్చుతుందో పసిగట్టడం, అన్నీ అమ్మవే. అపార్టుమెంట్లలో ఆర్డర్లు పెరిగాయి. ఆటోకు కొత్త టాపు పడింది, దాని మీద చేప బొమ్మ వెలిగింది. అమ్మ అరసవల్లి దాకా పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేది. చేతులు ఐసుకు తెల్లబడిపోయి ఉండేవి. నష్టమేమీ లేదు, ఐసు ఆవిడ వంతులో ఎప్పుడూ మోసం చెయ్యలేదు. కాకపోతే ఆ ఇద్దరిలో వెలుగు ఏ వైపు ఉందో చూస్తే తెలిసిపోయేది. అలాంటి జంటలే దూరానికి కనబడతాయని నేను మూడో అధ్యాయంలో రాశాను. ఆ అధ్యాయంలో "తేలికైనది తప్పనిసరిగా బయటపడుతుంది" అని ఉన్న చోట "తప్పనిసరిగా" కొట్టేసి, "తరచుగా" అని మార్చాను. గైడు మెచ్చుకున్నారు. ఇదే ముందే రాసి ఉండవలసింది అన్నారు.

అత్త రేవుకు రావడం మానేసింది. తమ్ముడి బోటులో మిగిలిన నెత్తళ్ళు, కవ్వళ్ళు ఎండబెట్టి, పొద్దున్న బస్సుకు విజయనగరం వైపు పోయేది. రామతీర్థం చుట్టుపక్కల ఊళ్ళలో ఎండు చేపలకు గిరాకీ ఉందట. గోడ మీద నుంచి మాటలు తగ్గాయి. నేను రెండు గుమ్మాలకు తోడు గోడ దగ్గరికి కూడా తిరగడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి అనాలని వెళ్ళేదాన్ని, "అత్తా, మోకాలెలాగుంది?" అనేదాన్ని. "నీకు తెలవదేటి?" అనేది ఆమె, చేపలు తిరగేస్తూ.

ఒక పొద్దున్న అత్త గంప నిండుగా ఉంది. ఎండు చేప తేలిక అనుకుంటాం గానీ, కుక్కితే తేలిక కాదు. నిండు గంపను ఎవరికి వారు నెత్తికెత్తుకోలేరు, రెండో మనిషి కావాలి. ఆమె తన వాకిట్లో గంప పక్కన నిలబడి వీధి అటూ ఇటూ చూసింది. నేను వెళ్ళబోయాను. అప్పటికే ఐసు ఆటో వీధి మొదట్లో హారన్ కొడుతోంది. అమ్మ కత్తిపీట సంచిలో పెట్టుకుని గుమ్మం దిగింది. ఆటో వైపు పోవలసిన మనిషి అత్త వాకిట్లోకి వెళ్ళింది.

"నెత్తి మీద సుట్టకుదురు ఓరకుంది," అంది అమ్మ. "సరిగ్గెట్టుకో."

"నాకు సెప్పకు. ఎత్తు."

ఇద్దరూ వంగి చెరొక అంచూ పట్టుకుని ఎత్తారు. గంప అత్త నెత్తి మీదికి చేరింది. అత్త మోకాలు ఒక్కసారి వణికి, నిలదొక్కుకుంది. హారన్ మళ్ళీ మోగింది. అమ్మ చేతులు గంప అంచు మీదే ఉన్నాయి.

"ఒగ్గేయే, బస్సెల్లిపోతాది."

అమ్మ ఒక చెయ్యి తీసింది. రెండోది అలాగే ఉంచి, వీధి చివర మలుపు దాకా అత్త పక్కనే నడిచింది. వెనక ఆటో హారన్ ఆగకుండా మోగుతోంది. నేను వాకిట్లోంచి, నా కంటికి కనబడినంత దూరం చూశాను.